అడ్రస్ కాలమ్ కూడా చదవండి: తాగుడు చావులపై ఒక బహిరంగ లేఖ

ఆరోగ్య శాఖలోనూ ఆర్థిక శాఖలోనూ మద్యం గురించి నిర్ణయాలు తీసుకునే అధికారులకు,
మరణ కారణం రాసి సంతకం పెట్టే డాక్టర్లకు,

విషయం: పేద ప్రాంతాల్లో తాగుడు చావులు ఎక్కువగా ఉండటం, ఆ తేడాను లెక్కల్లో చూపకపోవడం గురించి.

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఒక ఆసుపత్రి మెడికల్ రికార్డుల విభాగంలో 18 ఏళ్లుగా పనిచేస్తున్నాను. చనిపోయినవారి కేస్ షీట్లు నా బల్ల మీదికి వస్తాయి. డాక్టరు రాసిన మరణ కారణానికి కోడ్ వేసి, రిజిస్టర్‌లో ఎక్కించి పై ఆఫీసుకు పంపడం నా పని. నేను వైద్యం చదువుకోలేదు. కానీ ఇన్నేళ్లు ఒకే రిజిస్టర్ రాసినవాడికి కొన్ని సంగతులు ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి. వయసు, కారణం, అడ్రస్ కాలమ్‌లు పక్కపక్కనే ఉంటాయి. తాగుడుతో లివర్ పాడై పోయినవాళ్ల అడ్రస్‌లు తిప్పి తిప్పి చూస్తే అవే నాలుగైదు పేటలు. మందు తాగేది ఆ నాలుగైదు పేటలవాళ్లేనా? కలిగినవాళ్లుండే కాలనీల్లో ఎవరూ తాగరా?

ఈ సంగతిని ఇంతకుముందే రెండుసార్లు రాతపూర్వకంగా పై అధికారులకు పంపాను. మొదటిదానికి జవాబే లేదు. రెండోదానికి 'తమ వినతి పరిశీలనలో ఉన్నది' అని ఒక్క వాక్యం వచ్చింది. అది వచ్చి మూడేళ్లయింది. ఆ పరిశీలన పూర్తయ్యేలోపు నా రిజిస్టర్ ఒకటి నిండిపోయి రెండోది మొదలైంది. అందుకని ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

'పేదవాళ్లు ఎక్కువ తాగుతారు, అందుకే ఎక్కువ పోతారు.' ఈ మాట క్యాంటీన్‌లో విన్నాను, వార్డులో విన్నాను, సంతకం పెట్టే డాక్టర్ల నోటా విన్నాను. వినడానికి సబబుగానే ఉంటుంది. లెక్కకు మాత్రం నిలవదు.

ఇలాంటి లెక్కను ప్రాంతాలవారీగా శ్రద్ధగా తీసే దేశం స్కాట్లాండ్. అక్కడ పేటలను ఆదాయం, ఉద్యోగం, చదువు, ఇంటి పరిస్థితి వంటివి చూసి, బాగా వెనకబడినవాటి నుంచి బాగా కలిగినవాటి దాకా 5 భాగాలు చేస్తారు. ఏ భాగంలో ఎందరు పోయారో ఏటా ప్రకటిస్తారు. నేరుగా మద్యం వల్లే వచ్చే జబ్బులతో 2023లో అక్కడ 1,277 మంది చనిపోయారు. అట్టడుగు భాగంలో మరణాల రేటు పైభాగంలో కంటే 4.5 రెట్లు ఉంది. మరి అట్టడుగువాళ్లు నాలుగున్నర రెట్లు తాగుతున్నారా అంటే, లేదు. బ్రిటన్‌లో సర్వేలు చేస్తే అసలు మందు ముట్టనివాళ్లు పేదల్లోనే ఎక్కువగా తేలుతున్నారు. తాగేవాళ్లలో మరీ విపరీతంగా తాగేవాళ్లు పేదల్లో కొంత ఎక్కువన్నది నిజమే, దాన్ని నేను దాచను. కానీ ఇంత తేడాకు ఆ ఒక్క కారణం చాలదు.

2017లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. స్కాట్లాండ్ ఆరోగ్య సర్వేల్లో పాల్గొన్న సుమారు 50 వేల మంది ఎంత తాగుతున్నామని చెప్పారో, తర్వాత వాళ్లలో ఎవరు మద్యం వల్ల ఆసుపత్రి పాలయ్యారో, ఎవరు పోయారో జతచేసి చూశారు. కలిగిన ప్రాంతంలో కొద్దిగా తాగేవారితో పోలిస్తే, అలాంటి ప్రాంతంలోనే అతిగా తాగేవారికి ముప్పు దాదాపు 6 రెట్లు ఉంది. వెనకబడిన ప్రాంతంలో అతిగా తాగేవారికి అది దాదాపు 10 రెట్లు. సిగరెట్లు, ఒంటి బరువు, ఒకేసారి తెగ తాగే అలవాటు అన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడా చెరగలేదు. తాగుడు ఒకటే, తాగినవాడి పేట మారితే ఫలితం మారింది. దీనికి పరిశోధకులు పెట్టుకున్న పేరు మద్యం హాని వైరుధ్యం.

దేశాల మధ్యా ఇదే కథ. 2019లో ప్రపంచం మొత్తం మీద మద్యం వల్ల 26 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది. తాగిన ఒక్కో లీటరుకు ఎందరు పోతున్నారో లెక్కేస్తే పేద దేశాల్లోనే ఎక్కువని అదే నివేదిక చెబుతోంది.

ఇది మామూలు మనుషుల ఇళ్లలో ఎలా ఉంటుందో మీ దృష్టికి తెస్తున్నాను.

1. ఖాళీ కడుపు. సరిగా తిండి లేని ఒంట్లో మందు చేసే చెరుపు వేరు. రోజూ తాగేవాడికి థయామిన్ అనే బి1 విటమిన్ సరిగా ఒంటబట్టదు. తిండే అంతంత మాత్రమైతే ఉన్న కాస్తా అడుగంటిపోతుంది. నడక తడబడుతుంది, చూపు చెదురుతుంది, మాట పొంతన లేకుండా పోతుంది. చూసేవాళ్లకు అది తాగిన మత్తులాగే ఉంటుంది, అందుకని బెంచీ మీద పడుకోబెట్టి వదిలేస్తారు. సమయానికి థయామిన్ ఇంజెక్షన్ ఇస్తే ఆగే జబ్బు అది, మందు కూడా ఖరీదైనది కాదు. ఆలస్యమైతే ప్రాణం నిలిచినా జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు. కన్నకూతురి పేరు తడుముకునే మనిషిని ఇంటికి తీసుకెళ్లే భార్య గురించి ఏ నివేదికలోనూ కాలమ్ ఉండదు.

2. ఆలస్యం. లివర్ పాడవుతున్నా చాలాకాలం దాకా నొప్పి పుట్టదు. కలిగినవాడు ఏటా చేయించుకునే రక్తపరీక్షలో అంకె పెరిగిందని తెలుసుకుని, డాక్టరు మందలిస్తే తగ్గించుకుంటాడు. ఇంకోడు కళ్లు పచ్చబడి, పొట్టలో నీరు చేరి, రక్తం కక్కుకున్నాక వస్తాడు. అతని మొదటి పరీక్షే ఎమర్జెన్సీలో జరుగుతుంది. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుందన్న సంగతిని వేల్స్‌లో బొగ్గుగని కార్మికుల మధ్య వైద్యం చేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు. 50 ఏళ్లు దాటినా ఆ మాట పాతబడలేదు. పాతబడితే సంతోషించేవాణ్ణి.

3. 'మానెయ్' అని చెప్పి పంపేయడం. ఇది నా ఇంటి సంగతి, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. మా చిన్నాన్న కూలి పనికి వెళ్లేవాడు, రోజూ తాగేవాడు. ఒకసారి జ్వరానికి ఓపీలో చూపిస్తే డాక్టరు చీటీ అడుగున 'మద్యం మానవలెను' అని రాశారు. అంతే. ఎలా మానాలో రాయలేదు. చిన్నాన్న కూతురి నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టేసి, ఆ సాయంత్రం నుంచే మానేశాడు. రెండో రోజు నీళ్ల గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీద ఒలికాయి. మూడో రాత్రి గోడకు ఎదురుగా కూర్చుని, చీమలు పాకుతున్నాయంటూ అరచేత్తో తుడుస్తూనే ఉన్నాడు. గోడ మీద ఏమీ లేదు. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. ఆటో దొరికి ఆసుపత్రికి తెచ్చేసరికి అయిపోయింది. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చని, కొన్ని రోజులపాటు మోతాదు తగ్గిస్తూ ఇచ్చే డయాజిపామ్ లాంటి పాత మాత్రలతో ఆ గండం దాటించవచ్చని నాకు ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది. ఆ రాత్రి ఒక గ్లాసు పోసి ఉంటే బతికేవాడేమోనని పిన్ని ఇప్పటికీ అంటుంది. ఆమె మాట పూర్తిగా తప్పని నేను చెప్పలేకపోతున్నాను. తాగి పోయేవాళ్ల గురించి ఇన్ని మాటలు మాట్లాడతాం, మానబోయి పోయినవాడి గురించి ఎవరూ ఒక్క మాట అనరు.

4. వయసు. 20 నుంచి 39 ఏళ్ల వయసులో జరిగే మొత్తం మరణాల్లో దాదాపు 13.5 శాతం మద్యం వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నివేదిక చెప్పింది. పిల్లలు స్కూల్లో ఉండే వయసు తండ్రులు వాళ్లు. ఆదా చేసిన డబ్బున్న ఇంట్లో అలాంటి చావు దుఃఖం. రోజు కూలి మీద నడిచే ఇంట్లో దుఃఖానికి తోడు అప్పు, పెద్దపిల్ల చదువు ఆగిపోవడం, అద్దె ఇల్లు మారడం కూడా.

5. చావు పేరు మారడం. ఇది నా బల్ల దగ్గరే జరుగుతుంది. ఒకావిడ, ఇంకా తడి ఆరని చీర కొంగుతో కౌంటర్ అంచు పట్టుకుని, గొంతు బాగా తగ్గించి అడిగింది: 'అన్నా, ఆ తాగుడు మాట రాయొద్దని డాక్టరు గారికి చెప్పవా? ఇన్సూరెన్సు డబ్బులు రావంట. పిల్లకి సంబంధాలు చూస్తున్నాం.' డాక్టరు గారు మంచివారు. కారణం గడిలో 'గుండె, శ్వాస ఆగిపోవడం' అని రాసిచ్చారు. ఆవిడకు మేలే జరిగింది. కానీ ఎలా పోయినా చివరికి గుండె ఆగేపోతుంది. అది చావు తీరే తప్ప చావుకు కారణం కాదని, దాన్ని అసలు కారణంగా రాయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాలే చెబుతున్నాయి. అలా రాసిన ప్రతి పత్రంతో ఒక తాగుడు చావు లెక్క నుంచి జారిపోతుంది. అలా జారిపోయేవి ఎక్కువగా ఏ పేటలవో మీకు వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ జబ్బు లేదని కాగితం చెబుతుంది, కాగితం చూసి మీరు అక్కడ డీ-అడిక్షన్ సెంటర్ అక్కర్లేదంటారు.

నేరుగా మద్యం వల్ల వచ్చే జబ్బులనే లెక్కపెట్టినా పరిస్థితి ఇది. మద్యాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో చేర్చింది. ఆ క్యాన్సర్లు, తాగి నడిపిన బండి కింద పడ్డవాళ్లు, తాగినవాడి చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్లు ఈ లెక్కలోకి రారు.

ఇక ఆర్థిక శాఖవారికి. ధరకూ చావుకూ ఉన్న లంకె మీకు తెలియదని నేను అనుకోను. 2004 మార్చిలో ఫిన్లాండ్ మద్యం మీద పన్నును సగటున మూడో వంతు తగ్గించింది. ఎస్తోనియా యూరోపియన్ యూనియన్‌లో చేరబోతోందని, అక్కడి చవక మందు తమ దేశంలోకి వచ్చి పడుతుందని భయపడి చేసిన పని అది. మద్యం చావులు పెరిగాయి. పెరుగుదల ఎక్కువగా ఎవరిలో కనబడిందంటే, ఉద్యోగం లేనివాళ్లలో, తక్కువ ఆదాయం వాళ్లలో, వయసు రాకముందే పింఛను మీద బతికేవాళ్లలో. చవక చేసిన మేలు పేదవాడి ఇంటికి ఆ రూపంలో చేరింది.

స్కాట్లాండ్ ఎదురుదారి పట్టింది. అక్కడ మద్యంలో ఉండే 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్ ఒక యూనిట్ కింద లెక్క. అలాంటి ఒక యూనిట్‌ను ఇంతకంటే తక్కువకు అమ్మకూడదని 2012లో చట్టం చేసింది. స్కాచ్ విస్కీ అసోసియేషన్ కోర్టుకెళ్లింది. 2017 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని చెప్పాక, 2018 మే 1న యూనిట్‌కు 50 పెన్స్ (అర పౌండు) కనీస ధర అమల్లోకి వచ్చింది. ఆ నియమం లేకపోతే జరిగి ఉండే మరణాలతో పోలిస్తే, నేరుగా మద్యం వల్ల జరిగేవి సుమారు 13 శాతం తగ్గాయని 2023లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. తగ్గుదల ఎక్కువగా కనబడింది బాగా వెనకబడిన ప్రాంతాల్లోనే.

కనీస ధర మంత్రం వేసినట్టు పనిచేస్తుందని నేను అనను. వ్యసనంలో కూరుకుపోయిన కొందరు పేదలు మందు మానకుండా తిండి ఖర్చు తగ్గించుకున్నారని ఆ దేశపు మదింపులోనే ఉంది. కోవిడ్ తర్వాత అక్కడ చావులు మళ్లీ పెరిగాయి కూడా. వస్తువుల ధరలన్నీ పెరుగుతుంటే 50 పెన్స్ ఆరేళ్లపాటు అక్కడే ఉండిపోయింది, 2024 సెప్టెంబరు 30న గానీ 65 పెన్స్ కాలేదు. ధర పెంచి చేతులు దులుపుకుంటే చాలదని, పక్కనే చికిత్స కూడా పెట్టాలని దీన్నిబట్టి తెలుస్తోంది. ధర పెంచొద్దని మాత్రం తెలియడం లేదు. 'ధర పెంచితే పేదవాడి మీద భారం' అని మీ శాఖ అంటుంటుంది. ఆ భారం ఇప్పుడు ఎవరి మీద ఉందో నా రిజిస్టర్‌లో చూడవచ్చు.

మా విన్నపాలు ఇవి. మా అంటున్నది ఎందుకంటే, ఇది రాస్తున్నప్పుడు వార్డు సిస్టర్లు ఇద్దరు, ఒక కౌన్సెలర్ పక్కన కూర్చుని తలా ఒక మాట చేర్చారు.

1. మద్యం మరణాలను ప్రాంతాలవారీగా, ఆ ప్రాంతాల ఆర్థిక స్థితి ప్రకారం విడదీసి ఏటా ప్రకటించండి. పేర్లు అక్కర్లేదు. మొత్తం అంకె ఒక్కటే ప్రకటిస్తే అందులో ఈ తేడా మునిగిపోతుంది.

2. డాక్టర్లకు: అసలు కారణం రాయండి. కుటుంబం ఇబ్బంది పడకుండా, లెక్కల కోసం పంపే వివరాలను గోప్యంగా ఉంచి, వాళ్ల చేతికిచ్చే కాపీలో కారణం లేకుండా ఇచ్చే పద్ధతిని అధికారులు తేవాలి. తాగుడు అన్న మాట ఉన్నంత మాత్రాన విధవ పింఛను గానీ పిల్లల సాయం గానీ ఆగకూడదని స్పష్టంగా ఉత్తర్వు ఇవ్వాలి. అది లేకుండా డాక్టర్లను నిజం రాయమనడం ఆ కౌంటర్ దగ్గర నిలబడిన ఆవిడ మీద ఇంకో దెబ్బ వేయడమే.

3. చావులు ఎక్కువున్న పేటల్లోని చిన్న ఆసుపత్రుల్లోనే మాన్పించే చికిత్స మొదలుపెట్టండి. థయామిన్, ఫిట్స్ రాకుండా చూసే మాత్రలు, వాటిని ఇవ్వడం తెలిసిన ఒక నర్సు ఉంటే చాలామందిని గండం దాటించవచ్చు. ముదిరిన కేసుల్ని పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే ప్రశ్నావళిలో ఉన్నవి పదే ప్రశ్నలు, ఓపీలో కూర్చున్నవారిని అడగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. తిట్టకుండా అడగాలి. మా సిస్టర్ గారు ఈ మాట కింద గీత గీయమన్నారు.

4. 'మానెయ్' అని రాసే ప్రతి చీటీ మీద 'ఒక్కసారిగా మానవద్దు, ముందు ఇక్కడికి రండి' అని అచ్చు వేయించండి. దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు, ఒక రబ్బరు స్టాంపు చాలు.

5. ఆల్కహాల్ పరిమాణాన్ని బట్టి కనీస ధర పెట్టి, దాన్ని ఏటా ధరల పెరుగుదలతో సరిచూడండి. మద్యం పన్నులో ఒక భాగాన్ని ఈ పేటల్లో చికిత్సకే కేటాయించండి.

6. కొత్త దుకాణానికి లైసెన్సు ఇచ్చే ముందు ఆ పేట మరణాల లెక్కను ఫైల్లో జతచేయాలని నియమం పెట్టండి. లెక్క చూశాక కూడా ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ ఎవరు ఇచ్చారో సంతకం ఉండాలి.

వీటిలో ఏవి చేస్తారో, ఏవి చేయరో, చేయకపోతే ఎందుకో 90 రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పమని కోరుతున్నాం. పరిశీలనలో ఉన్నది అన్న వాక్యం మా దగ్గర ఇప్పటికే ఒకటుంది.

మొదటి విన్నపానికి డబ్బు లేదు, మనుషులు లేరు అంటారేమో. మా విభాగంలో 18 ఏళ్ల రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయి. పేర్లు తీసేసి, అడ్రస్‌లను పేటలవారీగా కూడి ఇవ్వడానికి నాకు రెండు నెలల ఆదివారాలు చాలు, జీతం అక్కర్లేదు. అనుమతి ఇస్తున్నామని ఒక్క లైను రాసి పంపండి.

ఇట్లు,
మెడికల్ రికార్డుల విభాగంలో ఒక గుమాస్తా